ప్రభుత్వం మారింది, వీసీ వెళ్లిపోయారు, కమిటీ వస్తోంది: మన డిగ్రీకి ఏమవుతుంది?

మీ ప్రశ్న: "నెల్లూరులో పీజీ చదువుతున్నాను. ప్రభుత్వం మారాక వీసీ రాజీనామా చేశారు, ఇన్‌చార్జి వచ్చారు, విచారణ కమిటీ వేస్తారంటున్నారు. మా డిగ్రీకి ఇబ్బందా? ఈ తనిఖీలతో యూనివర్సిటీ నిజంగా బాగుపడుతుందా?"

డిగ్రీకి ఏమీ కాదు. యూనివర్సిటీని నిలబెట్టేది చట్టం. మన రాష్ట్రంలో చాలా యూనివర్సిటీలు 1991 నాటి విశ్వవిద్యాలయాల చట్టం కింద నడుస్తున్నాయి. కుర్చీలో ఎవరున్నా, పట్టా మీద ఇన్‌చార్జి వీసీ సంతకం చేసినా దాని విలువ తగ్గదు. ఆ టెన్షన్ వదిలేయండి.

రెండో ప్రశ్నకు మాత్రం కాస్త వివరంగా చెప్పాలి. నేను ఒక రాష్ట్ర యూనివర్సిటీ పరీక్షల విభాగంలో సూపరింటెండెంటుగా చేసి రిటైరయ్యాను. దాని పేరు ఇక్కడ రాయను. మా ఆఫీసుకు వచ్చిన కమిటీలు రెండు రకాలు.

ఒక రకం వాళ్లు రాగానే నియామకాల ఫైళ్లు అడుగుతారు. ఎవరి హయాంలో ఎవరు చేరారు, ఎవరి సిఫారసు మీద వచ్చారు. వారం తిరిగేసరికి స్టాఫ్ అంతా రెండు వర్గాలైపోతుంది. క్లాసులు జరుగుతున్నాయా అని అడిగే నాథుడుండడు. ఆ రిపోర్టు సచివాలయానికి చేరుతుంది, మళ్లీ ప్రభుత్వం మారగానే అటకెక్కుతుంది. నిజంగా తప్పు చేసినవాళ్లు కూడా "ఇదంతా రాజకీయ కక్ష" అని చెప్పుకుని బయటపడతారు. నాకు ఎక్కువ బాధ కలిగించేది అదే.

రెండో రకం వేరు. ఒకసారి వచ్చిన కమిటీలో ఆడిట్ తెలిసిన పెద్దాయన ఒకరు ఉన్నారు. గెస్ట్‌హౌస్‌కు కూడా వెళ్లకుండా నేరుగా మా సెక్షన్‌కు వచ్చి ఖాళీ ఆన్సర్ బుక్‌లెట్ల స్టాక్ రిజిస్టరు తెమ్మన్నారు. ప్రెస్ నుంచి ఎన్ని వచ్చాయి, ఏ సెంటరుకు ఎన్ని వెళ్లాయి, వాడనివి ఎన్ని తిరిగొచ్చాయి అని ఒక్కో వరుస మీద వేలు పెట్టి చదువుకుంటూ పోయారు. ఒక సెంటరు ఎదురుగా చివరి గడి ఖాళీ. "ఇవి ఎక్కడున్నాయి?" అన్నారు. మా అటెండరు బీరువాలన్నీ వెతికి వచ్చి, "యాడా లేవు సార్" అన్నాడు. నంబరు వేసిన ఖాళీ బుక్‌లెట్ బయట ఉందంటే, ఎవరో ఇంట్లో కూర్చుని తీరిగ్గా రాసి, అసలుదాని స్థానంలో పెట్టడానికి దారి ఉన్నట్టే. సాయంత్రానికి ఆ సెంటరుకు ఫోన్ వెళ్లింది. మిగిలిన బుక్‌లెట్లు ఏ రోజువి ఆ రోజే నంబర్లతో సహా తిప్పి పంపాలని తర్వాత సర్క్యులర్ వచ్చింది. పేపర్లో ఎవరి పేరూ రాలేదు. ప్రభుత్వాలు మారాయి కానీ ఆ పద్ధతి మారలేదు, నేను రిటైరయ్యే దాకా నడిచింది. కమిటీ అంటే అలా ఉండాలి.

గొడవల్లో పుట్టిన మార్పు నిలవదని కూడా అనుకోకండి. 1972లో ప్రత్యేక ఆంధ్ర రాష్ట్రం కోసం జై ఆంధ్ర ఉద్యమం వచ్చినప్పుడు మా పెద్దన్నయ్య డిగ్రీ విద్యార్థి. కాలేజీలు నెలల తరబడి మూతపడి ఆయన చదువు వెనకబడింది. ఆ ఉద్యమం తర్వాతే 1973లో ఆరు సూత్రాల పథకం, దాని వెంట రాజ్యాంగంలో 371-డి (చదువు, ఉద్యోగాల్లో స్థానికులకు అవకాశాలు), 371-ఇ (సెంట్రల్ యూనివర్సిటీ) అధికరణాలు వచ్చాయి. హైదరాబాద్‌లో సెంట్రల్ యూనివర్సిటీ అలా వచ్చిందే. అడ్మిషన్లలో నెల్లూరు పిల్లలు శ్రీ వేంకటేశ్వర యూనివర్సిటీ లోకల్, పక్కనే ఉన్న ప్రకాశం పిల్లలు ఆంధ్రా యూనివర్సిటీ లోకల్ అనే లెక్క కూడా అప్పటిదే. అది మంచిదా చెడ్డదా అనేది వేరే చర్చ. చట్టంలోకి ఎక్కింది కాబట్టి ఇన్నేళ్లు నిలబడింది.

2013 ఆగస్టులో సమైక్యాంధ్ర కోసం ఎన్జీవోలు, అంటే నాన్-గెజిటెడ్ ప్రభుత్వ ఉద్యోగులు, సమ్మెకు దిగి రెండు నెలలు ఆఫీసులు స్తంభించాయి. మాకు పరీక్షల టైమ్‌టేబుల్ ఒక కొలిక్కి రావడమే గగనమైంది. అయితే విభజన అసలు దెబ్బ తర్వాత తగిలింది, అదీ డబ్బు రూపంలో. ఉన్నత విద్యామండలి విభజన చట్టం పదో షెడ్యూలులో, అంటే రెండు రాష్ట్రాలకూ సేవలు కొనసాగించాల్సిన సంస్థల జాబితాలో ఉంది. రెండు రాష్ట్రాల మండళ్ల మధ్య తగాదాతో బ్యాంకు ఖాతాలు స్తంభించిపోయి, చివరికి 2016లో సుప్రీంకోర్టు తీర్పు ఇవ్వాల్సి వచ్చింది. వీధుల్లో ర్యాలీలు ఆగిపోయినా ఆఫీసుల్లో ఇలాంటి చిక్కులు ఏళ్ల తరబడి ఉంటాయి.

ఇక మీ సంగతి. 2024 జూన్ తర్వాత రాష్ట్రంలో చాలామంది వీసీలు రాజీనామా చేశారు. కొన్నిచోట్ల 2025 ఫిబ్రవరిలో గానీ కొత్తవాళ్లు రాలేదు. ఇన్‌చార్జి పాలనలో రోజువారీ పని సాగుతుంది, పెద్ద నిర్ణయాలు ఆగుతాయి: అధ్యాపకుల నియామకం, కొత్త కోర్సు, స్నాతకోత్సవం. 2008లో పుట్టిన మీ నెల్లూరు విక్రమ సింహపురి యూనివర్సిటీకైనా, పీజీ సెంటర్ నుంచి యూనివర్సిటీగా ఎదిగిన ఒంగోలు ఆంధ్రకేసరికైనా ఈ ఖాళీ కాలం పాత యూనివర్సిటీలకన్నా ఎక్కువ బరువు. పాతవాటికి సీనియర్ ప్రొఫెసర్ల దన్ను ఉంటుంది. కొత్తచోట పోస్టులు నిండకముందే తుఫాను వచ్చిపడుతుంది.

కోర్సు అయిపోగానే ప్రొవిజనల్, మార్కుల మెమో చేతికి తీసుకోండి. పేరు, ఇంటిపేరు, తండ్రి పేరు అక్షరం అక్షరం పదో తరగతి సర్టిఫికెట్‌తో సరిచూసుకోండి, తప్పుంటే వెంటనే దరఖాస్తు పెట్టండి. రికార్డు డిజిలాకర్‌లోకి ఎక్కిందో లేదో చూడండి.

కమిటీ మీ క్యాంపస్‌కు వస్తే దూరంగా ఉండకండి. మీ డిపార్ట్‌మెంట్‌లో మంజూరైన పోస్టులెన్ని, రెగ్యులర్ అధ్యాపకులెందరు, గెస్ట్ ఫ్యాకల్టీ ఎందరు, ల్యాబ్‌లో పనిచేయని పరికరాలేవి, ఇవి ఒక కాగితం మీద రాసి అందరూ సంతకాలు చేయండి. అందులో ఏ వ్యక్తి పేరూ, ఏ పార్టీ పేరూ వద్దు. కమిటీ సభ్యుడి చేతికి ఒక కాపీ ఇవ్వండి. ఇంకోటి రిజిస్ట్రార్ ఆఫీసులో ఇచ్చి, మీ దగ్గర ఉంచుకునే కాపీ మీద ఇన్‌వర్డ్ నంబరు, తేదీ వేయించుకోండి. నంబరు పడిన కాగితాన్ని "మాకు అందలేదు" అనడం ఏ ఆఫీసుకూ అంత తేలిక కాదు.