అమ్మ రిపోర్టు నార్మలే... మరి అమ్మ?

ప్రశ్న: మా అమ్మకు 78 ఏళ్లు. నాన్నగారు పోయాక గుంటూరు దగ్గర ఒక వృద్ధాశ్రమంలో ఉంటోంది. నెలనెలా బీపీ, షుగర్, బరువు రాసిన రిపోర్టు వాట్సాప్‌లో పంపుతారు. అన్నీ నార్మలే. కానీ వీడియో కాల్‌లో అమ్మ ముక్తసరిగా మాట్లాడుతోంది. ఎలా ఉన్నావంటే "బాగానే ఉన్నా" అంటుంది, అంతే. నిజంగా బాగుందో లేదో తెలుసుకునే కొలత ఏదైనా ఉందా మేడం?
– ఒక కూతురు, డాలస్

జవాబు: ఉందమ్మా. అయితే ముందు ఒక సంగతి చూడండి. కాల్ వచ్చినప్పుడు ఫోన్ ఎవరు పట్టుకుంటున్నారు? చాలా చోట్ల ఆయా పట్టుకుని పక్కనే నిలబడుతుంది. రేపు పొద్దున తనకు స్నానం చేయించాల్సిన మనిషి ఎదురుగా ఉండగా మీ అమ్మగారు మనసులో మాట ఎలా చెబుతారు? ఫోన్‌ను స్టాండ్‌కు పెట్టి, తలుపు దగ్గరగా వేసి, ఓ పావుగంట ఆవిడను ఒంటరిగా మాట్లాడనివ్వమని అడగండి.

ఇక కొలత. డబ్ల్యూహెచ్‌వో-5 అని ఐదు వాక్యాల పట్టిక ఉంది. 1998 నుంచి వాడుకలో ఉంది. గత రెండు వారాల్లో మనసు ఉల్లాసంగా ఉందా, నెమ్మదిగా ఉందా, ఒంట్లో చురుకు ఉందా, నిద్ర లేచేసరికి తాజాగా అనిపించిందా, రోజులో తనకు ఇష్టమైనవి ఏమైనా ఉన్నాయా – ఇవే ఆ ఐదు. ఒక్కోదానికి 'ఎప్పుడూ' అంటే 5, 'అసలు లేదు' అంటే 0. మొత్తాన్ని నాలుగుతో హెచ్చిస్తే నూటికి ఎంతో వస్తుంది. 50, అంతకన్నా తక్కువ వస్తే డిప్రెషన్ ఉందేమో డాక్టరు చూడాలి. ఈ మార్కులతోనే జబ్బు తేల్చేయకూడదు. పక్క మంచం ఆవిడతో పోల్చకండి, అమ్మగారి పోయిన నెల మార్కులతోనే పోల్చండి.

నేను నర్సుగా చేసిన హోమ్‌లో ఒక రిటైర్డ్ టీచరమ్మ ఉండేవారు. చార్టులో వంక పెట్టడానికి లేదు. ఐదో వాక్యానికి మాత్రం సున్నా చెప్పారు. ఎందుకని చూస్తే, వినికిడి మిషన్‌లో బ్యాటరీ అయిపోయింది. మార్చాలని ఎవరికీ తోచలేదు. భోజనాల దగ్గర నలుగురూ నవ్వుతుంటే ఆవిడ పళ్లెం వంక చూస్తూ కూర్చునేవారు. ఫోన్‌లో పిల్లలు ఏమడిగినా "ఆఁ, ఆఁ" అని పెట్టేసేవారు. ఆవిడది అలకో దిగులో అనుకున్నాం. ఆ ఏడుపదుల మనిషికి కావలసింది ఒక చిన్న బ్యాటరీ! అందుకే అమ్మగారి చెవులు, కళ్లజోడు, కట్టుడు పళ్లు ముందు చూపించండి.

బరువు దగ్గర కూడా 'నార్మల్' అన్న మాటతో ఊరుకోకండి, పాత రిపోర్టులు పక్కన పెట్టుకుని చూడండి. నెలలో 5 శాతం, ఆరు నెలల్లో 10 శాతం తగ్గితే పట్టించుకోవాల్సిందే. 60 కిలోల మనిషి ఒక్క నెలలో 3 కిలోలు తగ్గినా చార్టులో నార్మల్ అనే ఉండొచ్చు.

మార్కులు తక్కువొస్తే "వయసు మీద పడింది కదా" అంటారు. ఒప్పుకోకండి. వృద్ధుల డిప్రెషన్ కోసమే అవును, కాదు అని చెప్పే 15 ప్రశ్నల పరీక్ష ఉంది, జీడీఎస్ అంటారు. డాక్టరు చేత అది చేయించమని, ఫలితం మీకు కూడా పంపమని హోమ్ వాళ్లకు రాతపూర్వకంగా అడగండి.