ఎలక్ట్రాన్ ప్రవర్తనకూ మన చూపుకూ సంబంధం ఉందా?

దేవరకొండ వైపు నుంచి ఒకరు అడిగిన ప్రశ్న ఇది: "జంట చీలికల ప్రయోగంలో ఎలక్ట్రాన్ ఎవరూ చూడనంతసేపు తరంగంలా, చూడగానే కణంలా ప్రవర్తిస్తుందని చదివాను. మనిషి చూపుకూ మనసుకూ అంత శక్తి ఉందా? ఈ మాటే చెప్పి, క్వాంటం యంత్రంతో ఒంట్లోని జబ్బులన్నీ కనిపెడతామని మా ఊళ్లో శిబిరం పెట్టారు. మోకాళ్ల నొప్పులున్న మా నాన్నగారు అక్కడికి వెళ్తానంటున్నారు. ఇందులో నిజమెంత?"

మొదటి దానికి సూటిగా చెబుతాను: లేదు. ఆ ప్రయోగ ఫలితం మనిషి చూపును బట్టి గానీ మనసును బట్టి గానీ మారదు. కణం ఏ దారిన వెళ్లిందో తెలిపే జాడ చుట్టుపక్కల ఎక్కడైనా మిగిలిందా లేదా అన్నదాన్ని బట్టి మారుతుంది. ఆ జాడను ఎవరైనా చదివారా అన్నదానితో నిమిత్తం లేదు. నల్లగొండ జిల్లాలో డిగ్రీ విద్యార్థులకు చాలా ఏళ్లుగా భౌతికశాస్త్రం చెబుతున్నాను. ఈ పాఠం వచ్చిన ప్రతిసారీ ఇదే ప్రశ్న వస్తుంది కాబట్టి కొంచెం వివరంగానే రాస్తాను.

రెండు సన్నని చీలికలున్న అడ్డు గుండా ఎలక్ట్రాన్లను పంపి, వెనకున్న తెరమీద అవి ఎక్కడ పడతాయో చూసేదే జంట చీలికల ప్రయోగం. ముందుగా అందులో నిజంగా ఏం కనిపిస్తుందో చూడాలి. 1989లో జపాన్‌లో హిటాచీ సంస్థకు చెందిన అకిరా తోనోమురా బృందం ఎలక్ట్రాన్లను దాదాపు ఒక్కొక్కటిగా పంపింది. రెండు చీలికలకు బదులు, విద్యుదావేశం ఉన్న అతి సన్నని తీగకు ఇరుపక్కల నుంచీ దారి ఉండే అమరికను వారు వాడారు. పది ఎలక్ట్రాన్లు పడినప్పుడు తెరమీద పది చుక్కలు మాత్రమే ఉన్నాయి, వాటిలో ఏ క్రమమూ లేదు. దాదాపు 70,000 ఎలక్ట్రాన్లు పడేసరికి ఆ చుక్కలే వరసగా పట్టీలై కనిపించాయి. ఇక్కడ చాలామంది గమనించని సంగతి ఒకటుంది. ఒక్కో ఎలక్ట్రాన్ ఎప్పుడూ ఒక్క చుక్కగానే పట్టుబడుతుంది. తెరనిండా పరుచుకున్న ఎలక్ట్రాన్‌ను ఎవరూ ఎన్నడూ చూడలేదు. తరంగం తీరు కనిపించేది ఆ చుక్కలు ఎక్కడ ఎక్కువగా, ఎక్కడ తక్కువగా పడ్డాయన్న లెక్కలో. కాబట్టి "చూడకపోతే తరంగం, చూస్తే కణం" అన్న వాక్యమే సరిగా లేదు. రెండు దారులూ కలిసి పనిచేసినప్పుడు పట్టీలు వస్తాయి, దారి జాడ మిగిలినప్పుడు రావు.

జాడ అంటే ఏమిటో అన్నిటికన్నా స్పష్టంగా చూపినవి వియన్నా విశ్వవిద్యాలయంలో జరిగిన ప్రయోగాలని నా అభిప్రాయం. ఆంటన్ జైలింగర్, మార్కస్ ఆర్న్ట్‌ల బృందం 1999లో అరవై కార్బన్ పరమాణువులున్న ఫుల్లరీన్ అణువులతో వ్యతికరణ పట్టీలను, అంటే వేర్వేరు దారుల తరంగాలు కలిసినప్పుడు వచ్చే అవే పట్టీలను, రాబట్టింది. 2004లో డెబ్బై కార్బన్ పరమాణువులున్న అణువులను తీసుకుని, అవి పరికరంలోకి వెళ్లేముందు లేజర్ కాంతితో బాగా వేడెక్కించారు. కాల్చిన ఇనుము ఎర్రగా వెలిగినట్లే, వేడెక్కిన అణువు కూడా ప్రయాణంలో తనంతట తానే కాంతి కణాలైన ఫోటాన్లను విడుదల చేస్తుంది. వేడి పెంచినకొద్దీ పట్టీలు మసకబారి, చివరికి మాయమయ్యాయి. ఆ ఫోటాన్లను ఎవరూ పట్టలేదు, ఎవరూ కొలవలేదు. అవి పరికరం గోడలను తాకి అక్కడే అంతరించాయి. అయినా అణువు ఎక్కడి నుంచి వెళ్లిందో చెప్పగల సమాచారాన్ని అవి మోసుకుపోయాయి, పట్టీలు పోవడానికి అంతే చాలింది. అంతకు ఏడాది ముందు అదే బృందం పరికరంలోకి కొద్దిగా వాయువును వదిలినప్పుడు, ఆ వాయు అణువులు వచ్చి తాకడం వల్ల కూడా ఇదే జరిగింది. ఈ రెండు ప్రయోగాల్లోనూ మనిషి చూపు అన్న మాటకే చోటు లేదు.

వానాకాలంలో రాత్రిపూట చేనులోకి పశువు దిగితే, చూసినవాళ్లు లేకపోయినా తడి రేగడిలో గిట్టల జాడ పడే ఉంటుంది. తరగతిలో నేను చెప్పే పోలిక ఇది. అయితే ఇది సగం దూరమే పనికొస్తుందని కూడా వెంటనే చెబుతాను. పశువు జాడ వదిలినా వదలకపోయినా ఒక దారిననే వచ్చింది. జాడ మిగలని ఎలక్ట్రాన్ విషయంలో "అది ఏదో ఒక దారిననే వెళ్లింది, మనకు తెలియలేదు, అంతే" అనుకుంటే పట్టీలు ఎందుకు వచ్చాయో చెప్పలేం. అసలు చిక్కు అక్కడుంది, దానికి మళ్లీ వస్తాను.

దీన్ని మా విద్యార్థులు కళ్లారా చూడడానికి వాడే అమరిక చాలా చవకైనది. బజారులో దొరికే ఎర్ర లేజర్ పాయింటరు, కరెంటు వైరులోంచి తీసిన ఒక్క రాగి పోగు, ఒకే దిశలో కంపించే కాంతిని మాత్రమే పోనిచ్చే పోలరాయిడ్ పొర ముక్కలు ఉంటే చాలు. నల్లగొండ క్లాక్‌టవర్ దగ్గర టీవీలు బాగుచేసే దుకాణాల్లో పగిలిన తెరలు పడి ఉంటాయి, పొర వాటినుంచే వస్తుంది. తెర ముందువైపు పొర చాలావాటిలో గరుకుగా ఉండి కాంతి పుంజాన్ని చెదరగొడుతుంది కనుక వెనుకవైపు పొరను తీసుకుని, దానికి అంటిన జిగురును పూర్తిగా తుడవాలి. మిల్లీమీటరులో ఐదో వంతు మందం ఉన్న పోగును లేజర్ పుంజానికి సరిగ్గా మధ్యలో నిలిపితే, కాంతి దానికి ఇరుపక్కల నుంచీ వెళ్తుంది. మూడు మీటర్ల దూరంలోని గోడమీద దాదాపు సెంటీమీటరుకు ఒకటి చొప్పున వెలుగు పట్టీలు, వాటి మధ్య చీకటి పట్టీలు చక్కగా కనిపిస్తాయి. ఎవరైనా ప్రయత్నిస్తే, పుంజంలోకి నేరుగా చూడకూడదన్న జాగ్రత్త మాత్రం తప్పనిసరి.

ఇప్పుడు పోగుకు ఎడమవైపు నిలువు ధ్రువణాన్ని (నిలువుగా కంపించే కాంతిని) మాత్రమే పోనిచ్చే పోలరాయిడ్‌నూ, కుడివైపు అడ్డ ధ్రువణాన్ని పోనిచ్చే దాన్నీ అంచులు కలిసేలా అతికించాలి. రెండు పక్కలూ సమానంగా వెలిగేలా లేజర్‌ను కొద్దిగా తిప్పి పెట్టుకోవాలి. గోడమీద ఆ పట్టీలు పోతాయి, వెలుగు మాత్రం మిగులుతుంది. ఏ పక్కనుంచి వచ్చిందో చెప్పే గుర్తు కాంతిలోనే ఉండిపోయింది కదా! ఒకసారి చండూరు నుంచి వచ్చే ఒక విద్యార్థిని "సార్, మేమందరం బయటికి వెళ్లిపోతే పట్టీలు తిరిగి వస్తాయా?" అని అడిగింది. చాలా మంచి ప్రశ్న. సెల్‌ఫోన్ కెమెరాను గోడవైపు పెట్టి అందరం వరండాలోకి వెళ్లాం. తిరిగి వచ్చి చూస్తే కెమెరాలోనూ గోడమీదా పట్టీలు లేవు. తరువాత మూడో పోలరాయిడ్ ముక్కను నలభై ఐదు డిగ్రీల వాలుగా గోడకు ముందు పట్టుకోగానే, గది నిండా జనం ఉండగానే పట్టీలు తిరిగి వచ్చాయి. ఆ ముక్కను దాటిన కాంతికంతటికీ ఒకే వాలు ధ్రువణం ఉంటుంది కాబట్టి ఎడమ, కుడి అన్న గుర్తు చెరిగిపోయింది. లేజర్ కాంతితో చూసే ఈ ఫలితాన్ని పాత తరంగ సిద్ధాంతంతోనే వివరించవచ్చు. లంబ ధ్రువణాలున్న కిరణాలు పట్టీలు ఏర్పరచవని ఫ్రెనెల్, అరాగోలు 19వ శతాబ్దపు తొలినాళ్లలోనే చూపారు. అయితే కాంతిని ఒక్కొక్క ఫోటాన్‌గా పంపినా, చాలా ఫోటాన్లు పోగయ్యాక ఇవే ఫలితాలు వస్తాయి. అప్పుడు తరంగ సిద్ధాంతం ఒక్కటే చాలదు.

ఈ అమరికలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం దీని తరువాతిది. మూడో ముక్కను అటువైపు వాల్చకుండా ఇటువైపు నలభై ఐదు డిగ్రీలు వాల్చితే మళ్లీ పట్టీలు వస్తాయి, కాని ఇంతకుముందు వెలుగున్న చోట చీకటి, చీకటున్న చోట వెలుగు ఉంటుంది. ఈ రెండు చిత్రాలను కలిపితే ఒకదాని ఖాళీలను మరొకటి పూరించి, పట్టీలు లేని మామూలు వెలుగే మిగులుతుంది. అంటే మూడో ముక్క లేనప్పుడు గోడమీద ఉన్న వెలుగులో రెండు రకాల పట్టీలూ కలగలిసి ఉన్నాయి. ఆ ముక్క వాటిలో ఒక రకాన్ని ఏరి చూపింది. "తరువాత తీసుకున్న నిర్ణయం గతాన్ని మార్చింది" అంటూ వీడియోల్లో చెప్పే 2000 నాటి క్వాంటం ఎరేజర్ ప్రయోగంలోనూ జరిగింది ఇదే. జంట ఫోటాన్లలో ఒకటి ముందే తెరను చేరి నమోదైపోతుంది, రెండోదాన్ని తరువాత కొలుస్తారు. మొత్తం నమోదులో పట్టీలు ఎప్పుడూ కనిపించవు. రెండో ఫోటాన్ ఏ డిటెక్టర్‌లో పడిందన్నదాన్ని బట్టి మొదటివాటిని వేరుచేసినప్పుడే ఒక వాటాలో పట్టీలు, మరో వాటాలో వాటికి ఎదురు పట్టీలు బయటపడతాయి. గడిచిపోయిన ఏ చుక్కా తన చోటు మార్చుకోలేదు. ఈ ఒక్క వివరం చెప్పకుండా ప్రయోగాన్ని ప్రచారం చేసేవాళ్లు పిల్లలకు అన్యాయం చేస్తున్నారని నేను గట్టిగా నమ్ముతున్నాను.

మరి మిగిలిన చిక్కు ఏమిటి? జాడ మిగలడం వల్ల పట్టీలు ఎందుకు పోతాయో మనకు బాగా అర్థమైంది. కాని సాధ్యమైన అన్ని చోట్లలో ఈ ఎలక్ట్రాన్ ఈ చుక్క దగ్గరే ఎందుకు పడింది, ఒక్క ఫలితమే ఎందుకు దక్కింది అన్నదానికి అందరూ ఒప్పుకునే జవాబు ఇప్పటికీ లేదు. 1952లో డేవిడ్ బోమ్ కణానికి ఎప్పుడూ ఒక దారి ఉంటుందనీ, ఒక తరంగం దాన్ని నడుపుతుందనీ చెప్పే సిద్ధాంతాన్ని ఇచ్చాడు. 1957లో హ్యూ ఎవరెట్ అన్ని ఫలితాలూ జరుగుతాయనీ, మనం వాటిలో ఒక శాఖలో ఉంటామనీ ప్రతిపాదించాడు. 1986లో గిరార్డీ, రిమిని, వెబర్‌లు తరంగం తనంతట తానే అప్పుడప్పుడు కుంచించుకుపోతుందన్నారు. సాధారణ క్వాంటం లెక్కకన్నా కొద్దిగా వేరైన ఫలితాలను ఇస్తుంది కాబట్టి దీన్ని ప్రయోగశాలలో పరీక్షించవచ్చు, పరీక్షిస్తున్నారు కూడా. కణాలు ముందే అన్ని జవాబులూ వెంట తెచ్చుకుంటాయి, దూరంగా ఉన్నవి ఒకదాన్నొకటి ప్రభావితం చేయవు అన్న రెండు మాటలూ కలిసి నిలబడవని 1964లో జాన్ బెల్ నిరూపించిన సిద్ధాంతం, దాని తరువాతి ప్రయోగాలు తేల్చేశాయి. ఆ ప్రయోగాలకే 2022లో అలెన్ ఆస్పె, జాన్ క్లాజర్, జైలింగర్‌లకు నోబెల్ బహుమతి వచ్చింది.

మనసు ప్రస్తావన ఎక్కడి నుంచి వచ్చిందంటే, ఒక గొప్ప శాస్త్రవేత్త నుంచే వచ్చింది. కొలత చివరికి పరిశీలకుడి స్పృహలోనే పూర్తవుతుందేమోనని 1961లో యూజీన్ విగ్నర్ వాదించాడు. పరిసరాల్లో మిగిలే జాడల గురించి హైంజ్ డీటర్ జే 1970 నుంచి చేసిన పని చూశాక విగ్నరే ఆ అభిప్రాయాన్ని వదులుకున్నాడు. మొదటి మాట ఊరూరా తిరుగుతోంది గాని రెండోది ఎవరూ చెప్పడం లేదు.

ఇక యంత్రం సంగతి. మిర్యాలగూడలో ఒక ఫంక్షన్ హాలులో పెట్టిన అలాంటి శిబిరానికి నేను స్వయంగా వెళ్లాను. ముందుగా వయసు, ఎత్తు, బరువు అడిగి ల్యాప్‌టాప్‌లో ఎక్కించారు. తరువాత లోహపు కడ్డీని కాసేపు గుప్పిట్లో పట్టుకోమన్నారు. కాలేయం, మూత్రపిండాలు, ఎముకలు, అన్నిటి గురించీ ప్రింటు తీసి ఇచ్చి, వాటికి మందు పొడులు కొనమన్నారు. కడ్డీ దేన్ని కొలుస్తుందని అడిగితే "క్వాంటం తరంగాలను" అన్నారు తప్ప, ఏ రాశిని, ఏ ప్రమాణంలో అన్నదానికి జవాబు రాలేదు. ఒంట్లోపలి విషయాలను క్వాంటం ధర్మంతో నిజంగా చూపే యంత్రం ఆసుపత్రుల్లో ఉంది, దాని పేరు ఎం.ఆర్.ఐ. నీటి అణువుల్లోని హైడ్రోజన్ కేంద్రకాలను చిన్న అయస్కాంతాల్లా చేసే స్పిన్ అనే గుణాన్ని అది వాడుకుంటుంది. అందుకోసం చాలా స్కానర్లలో 1.5 టెస్లాల అయస్కాంత క్షేత్రం కావాలి. భూమి అయస్కాంత క్షేత్రానికి అది 30 వేల రెట్లకు పైగా ఉంటుంది. ఆ అయస్కాంతపు తీగచుట్టలను ద్రవ హీలియంతో మైనస్ 269 డిగ్రీల దగ్గర ఉంచాలి. అప్పుడు కూడా ఆ కేంద్రకాలు ఇచ్చే సంకేతం చాలా బలహీనం. మన ఒంటి వేడి దగ్గర అణువులు క్షణం తీరిక లేకుండా ఒకదాన్నొకటి తాకుతూ ఎల్లవేళలా జాడలు వదులుతూ ఉంటాయి కాబట్టి, కాలేయం నుంచి అరచేతిదాకా సున్నితమైన క్వాంటం స్థితి చెక్కుచెదరకుండా వచ్చి కడ్డీలో చదవడానికి దొరుకుతుందన్న మాటకు ఆధారం లేదు.

మీ నాన్నగారిని ఆ శిబిరానికి పంపవద్దని నా మనవి. మీది ఫ్లోరైడ్ నీళ్ల ప్రాంతం కనుక ఆ కోణంలోనూ చూడాలి. ఎముకల డాక్టరుకు చూపించి, మోకాళ్లతోపాటు ముంజేతికి కూడా ఎక్స్‌రే అవసరమేమో అడగండి. ఒంట్లో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే ఫ్లోరోసిస్ జబ్బు ముదిరితే ముంజేతి రెండు ఎముకల మధ్య ఉండే పొర గట్టిపడడం అందులో కనిపిస్తుంది. మూత్రంలో ఫ్లోరైడ్‌ను ప్రయోగశాలలో కొలుస్తారు. ఇంట్లో తాగే నీళ్లను కూడా పరీక్షకు ఇవ్వండి, లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్లు మానేయాలి.