నాక్సోస్‌లో రెండు రోజులు, శాకాహారి అమ్మగారితో

జూలైలో గ్రీస్ దేశపు నాక్సోస్ దీవిలో రెండు రోజులే ఉంటామని, అమ్మగారు గుడ్డు కూడా ముట్టరని, తిండి గురించి టెన్షన్‌గా ఉందని రాశారు కదా. నిశ్చింతగా వెళ్లండి.

తవెర్నాలో, అంటే అక్కడి చిన్న భోజనశాలలో, ముందు ఫావా అడగండి. పసుపుపచ్చ పప్పు మెత్తగా మెదిపి, ఆలివ్ నూనె పోసి, పైన పచ్చి ఉల్లిపాయ ముక్కలు చల్లి ఇస్తారు. అచ్చం మన ముద్దపప్పే! బ్రియామ్ కూడా బాగుంటుంది: వంకాయ, జుకినీ, బంగాళాదుంప నూనెలో మగ్గిన కూర. ఆ దీవి బంగాళాదుంపలకు గ్రీస్ అంతటా పేరుంది. "నిస్తీసిమో" అని రాసి ఉంటే మాత్రం నమ్మేయకండి. అది ఉపవాసపు వంటే, కానీ అందులో రొయ్యలు, నత్తలు ఉండొచ్చు. అక్కడి గ్రవియేరా అనే గట్టి చీజ్‌లో మామూలుగా రెన్నెట్ (దూడల పొట్ట నుంచి తీసే, పాలు విరగ్గొట్టే పదార్థం) వేస్తారు, అమ్మగారికి పట్టింపు ఉంటే వద్దు.

మొదటి సాయంత్రం పోర్తారాకి వెళ్లండి. క్రీ.పూ. 6వ శతాబ్దంలో మొదలుపెట్టి మధ్యలో ఆపేసిన గుడికి మిగిలిన పాలరాతి ద్వారబంధం అది. జూలైలో మెల్తెమి అనే వేసవి ఉత్తరపు గాలి జోరుగా వీస్తుంది, అక్కడికి వెళ్లే దారి మీదికి అలలు ఎగసిపడతాయి. అమ్మగారి చెయ్యి పట్టుకుని నడిపించండి.

రెండో రోజు దీవి లోపలి హల్కి ఊరికి వెళ్లండి. అక్కడ దబ్బచెట్టు ఆకులతో కిత్రోన్ అనే మద్యం కాస్తారు. మజ్జిగలో దబ్బాకు వేసుకునే మనకు ఆ వాసన ఇట్టే తెలిసిపోతుంది. మద్యం వద్దనుకుంటే పాకంలో వేసిన దబ్బతొక్కల మిఠాయి అడగండి, అమ్మగారికి తప్పక నచ్చుతుంది.