రంగు పోని సొట్టకు పెయింటింగ్ ఎందుకండీ?

కారు తలుపు మీద సొట్ట పడిందనీ, రంగు మాత్రం చెక్కుచెదరలేదనీ, అయినా షెడ్డులో ప్యానెల్ మొత్తం పెయింట్ చేయాల్సిందే అంటున్నారనీ రాశారు. పెయింటింగ్ చేసేవాళ్లను అడిగితే పెయింటింగే చెబుతారు. రంగు పగలకపోతే పెయింట్ లేకుండా సొట్ట తీసే పనివాళ్లు వేరే ఉంటారు, వాళ్లను వెతకండి.

నా కారు వెనక తలుపుకు ఇలాగే తగిలింది. పార్కింగ్‌లో ఎవరో మహానుభావుడు తన కారు తలుపు బార్లా తెరిచి, నా కారుకు కొట్టి, తన దారిన తాను పోయాడు. సొంత తలుపైతే మెత్తటి గుడ్డతో తుడుచుకుంటారు, పక్కవాడి కారంటే మాత్రం గోడతో సమానం! సరే, ఆ గొడవ అలా ఉంచండి.

పనివాడు వచ్చి ముందుగా చారలున్న లైటు ఒకటి తలుపు ఎదురుగా నిలబెట్టాడు. నునుపుగా ఉన్నచోట చారలు తిన్నగా కనిపించాయి, సొట్ట దగ్గరికి వచ్చేసరికి మెలికలు తిరిగాయి. అద్దం దించి, రబ్బరు సందులోంచి కొస వంగిన పొడవాటి స్టీలు రాడ్డు లోపలికి పోనిచ్చాడు. ఆ తర్వాత అతని కళ్లు చారల మీదే. లోపల రాడ్డు కొస ఎక్కడుందో ఆ చారల కదలికను బట్టే తెలుసుకుంటున్నాడు. కొంచెం నొక్కుతాడు, చూస్తాడు, మళ్లీ అర అంగుళం పక్కన నొక్కుతాడు. ఒకచోట ఎక్కువ లేచినట్టుంది, నైలాన్ మొన ఉన్న పుల్లతో టక్‌టక్‌మని అణిచాడు. నేనేదో అడగబోతే 'కాసేపు ఆగండి సార్' అన్నాడు.

సొట్ట అంటే మధ్యలో గుంట ఒక్కటే కాదు, దాని చుట్టూ కాస్త ఎత్తుగా గట్టు లేస్తుంది. ఆ గట్టు రేకును బిగపట్టి ఉంచుతుంది. దాన్ని దించకుండా గుంటను ఎంత తోసినా సాఫీగా రాదు. హెయిర్ డ్రయర్‌తో వేడి చేసి పైన ఐసు పెట్టే వీడియోలు పనికిరావనేది ఇందుకే. వెడల్పుగా, లోతు లేకుండా ఉన్న సొట్ట ఎప్పుడైనా టప్‌మని వస్తుందేమో గానీ, మీ తలుపు సొట్ట రాదు.

ఇంత పట్టుదల ఎందుకంటారా? ఫ్యాక్టరీలో ఉత్త బాడీకి వేసిన రంగును దాదాపు 140 డిగ్రీల దగ్గర కాలుస్తారు. తయారైన కారులో ప్లాస్టిక్, రబ్బరు, వైర్లు ఉంటాయి కాబట్టి షెడ్డులో 60-80 డిగ్రీలు దాటలేరు. అందుకే మళ్లీ వేసిన రంగు ఫ్యాక్టరీ రంగుతో సమానం కాదు. మెటాలిక్ రంగైతే పక్క ప్యానెల్‌తో కలవడం ఇంకో తలనొప్పి. అమ్మేటప్పుడు కొనేవాడు రంగు మందం కొలిచే మీటరు పెడితే, మామూలుగా 100-150 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు) ఉండాల్సినచోట అంతకు రెట్టింపు చూపిస్తుంది. వెంటనే 'యాక్సిడెంట్ అయిందా?' అంటాడు. చిన్న సొట్టకు ఇన్ని సంజాయిషీలా!

రాడ్డు దూరని చోట్ల, అంటే రెండు పొరల రేకు ఉన్నచోట, పైన జిగురుతో ప్లాస్టిక్ బిళ్ల అంటించి లాగుతారు. ఆ ప్యానెల్‌కు ఇదివరకే ఎవరైనా రంగు వేసి ఉంటే ముందే చెప్పండి, జిగురుతో పాటు రంగు కూడా ఊడి రావచ్చు. సెకండ్ హ్యాండ్‌లో కొన్న కారైతే మీటరు పెట్టించాకే లాగనివ్వండి.

పదునుగా మడత పడినా, ప్యానెల్ అంచు నలిగినా, రేకు బాగా సాగిపోయినా ఈ పద్ధతిలో పూర్తిగా పోదు. అల్యూమినియం ప్యానెల్ అయితే స్టీలు కంటే మొండిది, అది చేసిన అనుభవం ఉందా అని అడిగి మరీ ఇవ్వండి. బంపర్ ప్లాస్టిక్, దాని సంగతి వేరు.