పాత హారర్ సీరియల్ డీవీడీలు ఆడకపోతే రెండేళ్ల గడువు ఎప్పటి నుంచి?

ప్రశ్న: నేను హనుమకొండలో ఉంటున్న విశ్రాంత ఉపాధ్యాయుడిని. మా అన్నయ్య అమెరికాలో ఉద్యోగం చేసిన రోజుల్లో అక్కడి టీవీలో ‘థ్రిల్లర్’ అనే పాత హారర్ సీరియల్ చూసేవారు. సెలవుల మీద ఇంటికి వచ్చినప్పుడు, కరెంటు పోయిన రాత్రుల్లో ఆ కథలు డాబా మీద మాకు చెప్పేవారు. 2023లో ఆయన కోసం ఆ సీరియల్ పూర్తి డీవీడీల పెట్టెను ఆన్‌లైన్‌లో రూ. 9,800కు తెప్పించాను. బిల్లు తేదీ జూన్ 9, పెట్టె అందింది జూన్ 17న. ఆ నెలాఖరులోనే అన్నయ్య పోయారు. ఆ తర్వాత పెట్టె తెరవబుద్ధి కాలేదు. 2025 ఫిబ్రవరిలో శివరాత్రి జాగారానికి ఇంటిల్లిపాదీ కూర్చుని చూద్దామని తెరిస్తే, ఒక్క డిస్కూ మా ప్లేయర్‌లో ఆడలేదు. ప్రాంతం సరిపోలేదని తెర మీద వచ్చింది. అమ్మకందారుని అడిగితే పది రోజుల వాపసు గడువు దాటిందన్నాడు. కేసు వేయడానికి రెండేళ్ల గడువు ఉంటుందట, పెట్టె తెరిచింది మొన్న శివరాత్రికే కనుక ఇంకా చాలా కాలం ఉందనుకుంటున్నాను. మా మానసిక వేదనకు ఐదు లక్షలు అడగవచ్చా? అరవై ఏళ్లు దాటిన సీరియల్ మీద ఎవరికీ హక్కులుండవని, డిస్కులను కంప్యూటర్‌లోకి ఎక్కించి పెన్‌డ్రైవ్‌లలో అమ్మితే మన డబ్బు మనకు వస్తుందని మా మేనల్లుడు అంటున్నాడు. ఆర్డర్ పెట్టింది వాడి ఫోన్ నుంచే. కొనే ముందు చాట్‌లో అడిగితే ‘ఏ ప్లేయర్‌లోనైనా ఆడుతుంది’ అని అమ్మకందారు జవాబిచ్చాడు.

జవాబు: మీ ఉత్తరం 2025 మే నెల మొదటి వారంలో నాకు అందింది. మీ వ్యవహారంలో అన్నింటికంటే ముందు తేలవలసింది తేదీ. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని 69వ సెక్షన్ ప్రకారం వ్యాజ్య కారణం, అంటే కేసు వేయడానికి దారితీసిన సంగతి, ఏర్పడిన రోజు నుంచి రెండేళ్లలోపు వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు దాఖలు కావాలి. పెట్టె తెరిచింది ఫిబ్రవరిలో కనుక ఇంకా చాలా కాలం ఉందన్న ధీమా మీ ఉత్తరంలో కనిపిస్తోంది. ఆ ధీమాకు ఆధారం లేదు.

బయటికి కనిపించని లోపమైతే అది తెలిసిన రోజు నుంచి గడువు లెక్కించాలని వాదించే వీలుంది. మీ పెట్టె విషయంలో ఆ వాదన నిలవదు. డీవీడీలకు ప్రపంచాన్ని ప్రాంతాలుగా విభజించి సంఖ్యలు ఇచ్చారు. అమెరికా, కెనడాలది 1వ ప్రాంతం, మన దేశానిది 5వ ప్రాంతం. ఒక ప్రాంతానికని చేసిన డిస్కును మరో ప్రాంతపు ప్లేయర్ ఆడించదు. ఆ సంఖ్యను అట్ట వెనుక, చిన్న భూగోళం బొమ్మలో ముద్రిస్తారు. పైన చుట్టిన ప్లాస్టిక్ కాగితం విప్పకుండానే అది చదవవచ్చు. మీ పెట్టె తిప్పి చూడండి. అక్కడ 1 అని ఉంటే, అందిన నాడే కంటికి ఎదురుగా ఉన్న సంగతిని ఇరవై నెలల తర్వాత తెలుసుకున్నారని ఎదుటి న్యాయవాది మొదటి వాయిదాలోనే ఎత్తి చూపుతాడు. దానికి మీ దగ్గర జవాబు ఉండదు.

కాబట్టి గడువు 2023 జూన్ 17 నుంచి నడుస్తోందనే అనుకోవాలి. బిల్లు తేదీ నుంచి లెక్కించాలని వాళ్లు వాదించినా ఇబ్బంది లేకుండా, నేనైతే 2025 జూన్ మొదటి వారం దాటకుండా దాఖలు చేస్తాను. ఈలోగా లాయర్ నోటీసు పంపినా, కస్టమర్ కేర్‌కు మెయిళ్లు రాసినా, 1915 నంబరు వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసినా గడువు ఆగదు. మా న్యాయవాదుల్లో కొందరు కూడా ‘ముందు నోటీసు పంపి చూద్దాం’ అంటూ నెలలు గడిపేసి, చివరి వారంలో కక్షిదారును కమిషన్‌కు పరిగెత్తిస్తారు. నోటీసు పంపండి, పదిహేను రోజులు గడువివ్వండి, వాళ్లు జవాబిచ్చినా ఇవ్వకపోయినా పదహారో రోజున ఫిర్యాదు వేయండి. ఆలస్యానికి తగిన కారణం చూపితే క్షమించే అధికారం కమిషన్‌కు ఉన్న మాట నిజమే. దానికి కమిషన్ కారణాలను రాతపూర్వకంగా నమోదు చేయాలి. అన్నయ్య పోయిన దుఃఖం కొన్ని నెలలకు కారణం కావచ్చు గానీ, ఇరవై నెలలకు కాదు.

తొమ్మిది వేల ఎనిమిది వందలు పెట్టి కొన్న వస్తువును అందిన వెంటనే తెరిచి చూసుకోకపోవడం అజాగ్రత్త. బహుమతిగా ఇవ్వదలచినా, ఒక డిస్కు పెట్టి చూసి మళ్లీ సర్ది ఉంచవచ్చు.

ఇక లోపం ఏమిటన్నది చూద్దాం. డిస్కు మీద అమెరికా సంఖ్య ఉండటం దానంతట అది లోపం కాదు. అక్కడి వాళ్ల కోసం చేసిన సరుకు మీద అక్కడి సంఖ్యే ఉంటుంది. అయితే చట్టంలో లోపం అన్న మాటకు ఇచ్చిన అర్థం విశాలమైనది: వస్తువు గురించి అమ్మకందారు నేరుగా గానీ, పరోక్షంగా గానీ ఏ రూపంలో చెప్పుకున్నాడో, వస్తువు ఆ ప్రమాణానికి తగ్గితే అదీ లోపమే. అందుకే మీరు ఉత్తరం చివర ఒక్క వాక్యంలో దాటేసిన ఆ చాట్ జవాబు మీదే కేసు మొత్తం నిలుస్తుంది. ‘ఏ ప్లేయర్‌లోనైనా ఆడుతుంది’ అన్న ఆ మాట రుజువైతే పది రోజుల వాపసు నిబంధన మీకు అడ్డు కాదు. ప్రకటించిన లక్షణాలు లేని వస్తువును వెనక్కి తీసుకోవడానికి, డబ్బు తిరిగి ఇవ్వడానికి అమ్మకందారు నిరాకరించకూడదని 2020 నాటి ఈ-కామర్స్ నియమాలు చెబుతున్నాయి. వెబ్‌సైట్ వాళ్లు సొంతంగా రాసుకున్న షరతు చట్టం ఇచ్చిన రెండేళ్ల గడువును పది రోజులకు కుదించలేదు.

ఆ చాట్ ఇప్పుడు ఎక్కడ ఉంది? మీరు రాయలేదు. మీ మేనల్లుడు ఫోన్ మార్చాడా, ఖాతా తీసేశాడా, ఆ యాప్ పాత సంభాషణలను చెరిపేస్తుందా అన్నవి ఈ రోజే కనుక్కోండి. సంభాషణ దొరికితే అమ్మకందారు పేరు, తేదీ, ఆర్డర్ సంఖ్య కనిపించేలా మొదటి నుంచి చివరి దాకా స్క్రీన్‌షాట్లు తీయించండి. మీకు అనుకూలమైన ఒక్క వాక్యం వరకే కత్తిరించి తీసుకురావద్దు, మిగతా సంభాషణ ఏమైందన్న అనుమానం అక్కడే మొదలవుతుంది. అమ్మకపు పేజీ ఇంకా వెబ్‌సైట్‌లో ఉంటే దాన్నీ ముద్రించి పెట్టుకోండి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియంలోని 63వ సెక్షన్ ఎలక్ట్రానిక్ రికార్డులకు ధ్రువపత్రం కోరుతుంది. అందులో ఒక భాగం ఆ ఫోన్ వాడే వ్యక్తి, అంటే మీ మేనల్లుడు, సంతకం చేయవలసింది. రెండో భాగం నిపుణుడు ఇవ్వవలసింది. వినియోగదారుల కమిషన్‌లో విచారణ అఫిడవిట్ల మీద, పత్రాల మీద సాగుతుంది, సాక్ష్య నియమాలు సివిల్ కోర్టులో ఉన్నంత కఠినంగా ఉండవు; అయినా ఆ ధ్రువపత్రం జతచేయడమే క్షేమం. చాట్ చెరిగిపోయి ఉంటే, వెబ్‌సైట్ సంస్థ తన దగ్గరున్న రికార్డును దాఖలు చేయాలని ఆదేశించమంటూ ఫిర్యాదుతో పాటే దరఖాస్తు పెట్టండి. పత్రాలు తెప్పించే విషయంలో కమిషన్‌కు సివిల్ కోర్టు అధికారాలు ఉన్నాయి.

పెట్టె వెనుక అట్టనూ, డిస్కు పెట్టగానే తెర మీద వచ్చే సందేశాన్నీ, ప్లేయర్ మోడల్ సంఖ్యనూ ఒకే వీడియోలో, మధ్యలో ఆపకుండా తీయండి. ప్లాస్టిక్ కాగితం పారేయకుండా ఉంటే దాచండి.

ఆర్డర్ మేనల్లుడి ఫోన్ నుంచి వెళ్లింది కనుక బిల్లు అతని పేరు మీద ఉన్నా కంగారు పడనక్కర్లేదు. కొన్నవారి అనుమతితో వస్తువును వాడేవారు కూడా చట్టం దృష్టిలో వినియోగదారులే. అయినా సాంకేతిక అభ్యంతరం రాకుండా ఇద్దరూ ఫిర్యాదుదారులుగా చేరండి. అమ్మకందారునూ, వెబ్‌సైట్ సంస్థనూ ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చండి. అమ్మకందారు దుకాణం ఎత్తేసినా నోటీసు అందుకోవడానికి ఒకరు మిగులుతారు. అమ్మకందారు ఏ రాష్ట్రంలో ఉన్నా, మీరు నివసించే చోటే, అంటే వరంగల్‌లోని జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు. వస్తువుకు చెల్లించిన ధర ఐదు లక్షలు దాటనంత వరకు రుసుము లేదు. 2025 జనవరి నుంచి నడుస్తున్న ఈ-జాగృతి పోర్టల్ ద్వారా ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు, న్యాయవాది తప్పనిసరి కాదు.

ఐదు లక్షల వేదన గురించి అడిగారు. పది వేల లోపు వస్తువుకు ఐదు లక్షలు అడిగితే, చదివేవారికి మిగతా ఫిర్యాదు మీద కూడా నమ్మకం సన్నగిల్లుతుంది. ధర మొత్తం, దాని మీద వడ్డీ, ఖర్చులు, పరిహారంగా ఓ మోస్తరు మొత్తం అడగండి. అన్నయ్య సంగతి ఆలస్యానికి వివరణగా రెండు వాక్యాల్లో రాస్తే చాలు. డాబా మీది కథలు ఫిర్యాదులో వద్దు.

మీ మేనల్లుడి సలహాకు వస్తే, ఆ పని చేయవద్దు. అతని లెక్కలో సగం నిజం ఉండటమే ప్రమాదం. హారర్ చిత్రాల నటుడు బోరిస్ కార్లాఫ్ వ్యాఖ్యాతగా 67 భాగాల ఈ సీరియల్ అమెరికా టీవీ సంస్థ ఎన్‌బీసీలో 1960 నుంచి 1962 వరకు వచ్చింది. మన కాపీరైట్ చట్టం, 1957 ప్రకారం సినిమాటోగ్రాఫ్ ఫిల్ముకు ప్రచురణ తర్వాతి ఏడాది నుంచి అరవై ఏళ్లే రక్షణ, అంటే ఫిల్ము వరకు గడువు ముగిసిందని వాదించవచ్చు. కానీ అదే చట్టంలోని 13వ సెక్షన్, ఫిల్ము మీది హక్కు వేరు, అందులో వాడుకున్న కథ, సంగీతం మీది హక్కులు వేరు అంటుంది. వాటికి రచయిత మరణించిన తర్వాతి ఏడాది నుంచి అరవై ఏళ్ల రక్షణ ఉంటుంది. ఈ సీరియల్‌లోని పలు భాగాలకు మూలకథలు గానీ, స్క్రిప్టులు గానీ ఇచ్చిన రచయిత రాబర్ట్ బ్లాక్ 1994లో మరణించారు. ఆ లెక్క 2054 చివరి దాకా నడుస్తుంది. అనేక భాగాలకు సంగీతం కూర్చిన జెర్రీ గోల్డ్‌స్మిత్ 2004లో మరణించారు. అది 2064 దాకా. డీవీడీల కోసం కొత్తగా చేర్చిన వ్యాఖ్యానాలు ఉంటే వాటి లెక్క ఇంకా వేరు. ఏ భాగంలో ఎవరి హక్కు మిగిలి ఉందో తేల్చుకోకుండా పెన్‌డ్రైవ్‌లు అమ్మితే కాపీరైట్ చట్టం 63వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, యాభై వేల నుంచి రెండు లక్షల దాకా జరిమానా పడవచ్చు. హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో, కాపీ కాకుండా డిస్కుకు వేసిన సాంకేతిక తాళాన్ని విడగొట్టడం అదే చట్టం 65ఏ కింద విడిగా నేరం.

మీ కేసుకు జరిగే నష్టం దీనికి అదనం. వ్యాపారం కోసం కొన్నవారు వినియోగదారులు కారు. కాపీలు అమ్ముదామని మీ మేనల్లుడు వాట్సాప్‌లో ఎవరికైనా రాసి ఉంటే, ఆ ఒక్క సందేశాన్ని పట్టుకుని మీ కొనుగోలే వ్యాపారం కోసమని ఎదుటి పక్షం వాదిస్తుంది. అలాంటి సందేశం ఉంటే నాకు చెప్పండి, చెరిపివేయమని మాత్రం నన్ను అడగవద్దు.

ఇంట్లో కూర్చుని చూడటానికి చట్టం అడ్డు చెప్పదు. కంప్యూటర్‌లోని డీవీడీ డ్రైవ్ సాధారణంగా ప్రాంతాన్ని ఐదు సార్లు మార్చుకోనిస్తుంది, ఆ తర్వాత చివరి ప్రాంతానికే శాశ్వతంగా బిగుసుకుపోతుంది. అందుచేత ఈ డిస్కుల కోసం విడిగా ఒక పాత డ్రైవ్ కొని 1వ ప్రాంతానికి పెట్టుకుని వదిలేయండి. నేను చెప్పిన వీడియో తీసిన తర్వాతే ఆ పని చేయండి, చేసిన సంగతి అఫిడవిట్‌లో దాచకండి. అమ్మకందారు ఇచ్చిన మాట ఏ ప్లేయర్‌లోనైనా ఆడుతుందని కనుక, మీరు వేరే పరికరం కొనవలసి రావడం ఆ మాట తప్పిందనడానికి మరో రుజువు. ఆ డ్రైవ్ బిల్లును కూడా ఫిర్యాదుకు జతచేసి దాని ధర అడగండి. అయితే డబ్బు వాపసు ఆదేశం వస్తే పెట్టెను తిరిగి ఇవ్వవలసి ఉంటుంది. పెట్టె ఉంచుకోవాలనుకుంటే, ధర మొత్తం కాకుండా డ్రైవ్ ఖర్చు, పరిహారం వరకే అడగండి. ఈ రెండింటిలో ఏది కావాలో ఫిర్యాదు రాయకముందే ఇంట్లో మాట్లాడుకుని తేల్చుకోండి.