నలభై లోడ్లూ ఒకే రైతువా?

ప్రశ్న: అన్నా, మాది దామలచెరువు, తిరుపతిలో బీటెక్ రెండో సంవత్సరం చదువుతున్నా. మా మామకి మామిడికాయల మండీ ఉంది, సీజన్లో లెక్కలన్నీ నోటుబుక్కులోనే రాస్తాడు, సరే అని జావాలో చిన్న ప్రోగ్రామ్ రాసిద్దామని కూర్చున్నా. లోడ్ అని ఒక క్లాస్ (వివరాలు పెట్టుకునే నమూనా) పెట్టి రైతు పేరు, కాయ రకం, బరువు, రేటు అందులో పెట్టినా. అర్రే అంటే వరసగా గదులు, దానికైతే సైజు ముందే చెప్పాల, రోజుకి ఎన్ని బండ్లు వస్తాయో మామకే తెలీదు, అందుకే దానంతటదే పెరిగే అర్రేలిస్ట్ తీసుకున్నా. 40 లోడ్లు ఎక్కించి ప్రింట్ కొడితే 40 సార్లూ చివర్లో వచ్చిన నీలం కాయల లోడే కనిపిస్తోంది! సైజు అడిగితే మాత్రం కరెక్టుగా 40 అంటోంది. "నా నోటుబుక్కే నయం కదా అల్లుడా" అని మామ ఒకటే నవ్వు.

జవాబు: నవ్వనీలే తమ్ముడూ, లిస్ట్ తప్పేం లేదిందులో. నువ్వు కోడ్ పంపలేదు గానీ పందెం కాస్తా, కొత్త లోడ్‌ని తయారుచేసే న్యూ లోడ్ అనే లైను, మళ్ళీ మళ్ళీ తిరిగే ఫర్ లూప్‌కి పైన ఒక్కసారే రాసుంటావు, లోపల పేరూ బరువూ మార్చి మార్చి యాడ్ కొడతా పోయుంటావు.

అర్రేలిస్ట్‌లోకి నీ లోడ్ పోయి కూర్చోదు, అది ఎక్కడుందో చెప్పే చీటీ ఒకటి పోతుంది, అంతే. దాన్నే రిఫరెన్స్ అంటారు. నువ్వు చేసిందేమంటే ఒకే పలక మీద మొదటి రైతు పేరు రాసి, తుడిచి రెండోది రాసి, మళ్ళీ తుడిచి... ప్రతిసారీ "ఆ పలక చూడు" అని ఒక చీటీ లిస్ట్‌లో వేసినావు. చీటీలు 40 ఉన్నాయి, పలక ఒక్కటే, దాని మీద మిగిలింది చివరి పేరు. న్యూ లైనుని లూప్ లోపలికి జరుపు, ప్రతి లోడ్‌కీ కొత్త పలక వస్తుంది. జరిపినా అట్లే వస్తుంటే క్లాస్‌లో ఫీల్డుల (పేరు, బరువు లాంటివాటి) ముందు స్టాటిక్ ఉందేమో చూడు, అదుంటే ఆ ఫీల్డు అన్ని లోడ్లకీ కలిపి ఒకటే. ప్రోగ్రామ్ మొదలయ్యే మెయిన్ దగ్గర ఎర్రర్ వచ్చిందని మనోళ్ళు కనపడిన చోటల్లా స్టాటిక్ తగిలించేస్తారు, అప్పుడు కూడా అన్ని లోడ్లకీ ఒకటే పేరు అయిపోతుంది.

సైజు సంగతి అడగలేదు గానీ చెప్తా, నాకది భలే ఇష్టం. లిస్ట్ లోపల ఉండేది కూడా మామూలు అర్రేనే. ఓపెన్‌జేడీకేలో (అందరికీ తెరిచి ఉన్న జావా కోడ్‌లో) అయితే ఖాళీ లిస్ట్‌కి మొదటి యాడ్ కొట్టగానే 10 గదులు ఇస్తుంది, పదకొండోది వస్తే 15 గదుల కొత్త అర్రే తెచ్చి పాత చీటీలన్నీ అందులోకి కాపీ చేస్తుంది, ఆ తర్వాత 22, 33, 49, అంటే ప్రతిసారీ ఉన్నదానికి సగం కలుపుకుంటూ పోతుంది. నీ 40 చీటీలు ఇప్పుడు 49 గదుల్లో ఉన్నాయి.

రేపు మామ "ఈ లోడ్ ముందే ఎక్కించినామా" అని అడుగుతాడు, నువ్వు లిస్ట్‌లో ఇది ఉందా అని చూసే కంటైన్స్ వాడతావు, ఫాల్స్ అంటుంది, మళ్ళీ నవ్వుతాడు. కంటైన్స్ లోపల ఈక్వల్స్‌ని పిలుస్తుంది, నువ్వు రాయకపోతే అది రెండూ ఒకే పలకా అని మాత్రమే చూస్తుంది, పలక మీద రాత చూడదు. అందుకని ఈక్వల్స్ నువ్వే రాసుకో, దాంతో పాటు, ఈక్వల్స్ ఒకటే అన్నవాటికి ఒకే నంబరు ఇచ్చే హ్యాష్‌కోడ్ కూడా. పోల్చేది మాత్రం పేరుతో కాదు, మన వైపు ఊరికి నలుగురు మునిరత్నాలుంటారు, తూకం రసీదు నంబరుతో పోల్చు.

ప్రశ్న: ఫర్-ఈచ్ లూప్‌లో తిరుగుతా క్యాన్సిల్ అయిన ఆర్డర్లు లిస్ట్‌లోంచి తీసేస్తుంటే కాంకరెంట్ మాడిఫికేషన్ ఎక్సెప్షన్ వస్తోంది సార్. నేను థ్రెడ్లేం (ఒకేసారి నడిచే పనులు) వాడలేదే? (చిత్తూరు నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: పేరులో కాంకరెంట్ (ఒకేసారి) అని చూసి కంగారు పడకండమ్మా, థ్రెడ్లు లేకపోయినా వస్తుంది. లూప్ నడుస్తుండగా దానికి తెలీకుండా లిస్ట్‌ని మీరు మార్చినారు, అందుకే కోపం. 2014లో వచ్చిన జావా 8 నుంచి, మీరు చెప్పిన షరతుకి సరిపోయినవన్నీ తీసేసే రిమూవ్‌ఇఫ్ ఉంది, ఒక్క లైనులో పని అయిపోతుంది. ఇంకోటి, మీ ఫర్-ఈచ్‌లోనే చివరి నుంచి రెండోదాన్ని తీసేస్తే ఎర్రర్ రాదు, చివరిదాన్ని చూడకుండానే లూప్ ఆగిపోతుంది. ఎర్రర్ రాలేదు కదా అని ఊరుకుంటే క్యాన్సిల్ అయిన ఆర్డర్ ఒకటి లిస్ట్‌లోనే ఉండిపోవచ్చు.