మక్కజొన్నా, మొక్కజొన్నా?

సందేహం: మాది జగిత్యాల దగ్గర పల్లె. మా బాబు పరీక్షలో ‘మక్కజొన్న’ అని రాస్తే టీచర్ మార్కు కోసి ‘మొక్కజొన్న’ అని దిద్దారు. మొక్కకు కాసే జొన్న కాబట్టి అదే సరైనదట, నిజమేనా? పైగా ఇది విదేశీ పంట అంటున్నారు. మా తాతముత్తాతలు తిన్న గటక విదేశీది ఎట్లయితది?

సమాధానం: మార్కు కోయాల్సింది కాదండీ. మక్కజొన్న తప్పు కాదు, నన్నడిగితే అసలు రూపానికి అదే దగ్గర. మొక్కకు కాస్తుంది కాబట్టి మొక్కజొన్న అనే వివరణ నిలవదు, జొన్న కూడా మొక్కకే కాస్తుంది కదా. పక్క భాషలు చూడండి. తమిళంలో మక్కాచ్చోళం, కన్నడంలో మెక్కెజోళ. చోళం అన్నా జోళ అన్నా మన జొన్నే. హిందీలో ఒట్టి మక్కా, మరాఠీలో మకా. ఈ ‘మక్క’కి తెలుగులో అర్థమేమీ లేకపోవడంతో కోస్తా వైపు వాడుకలో అది తెలిసిన ‘మొక్క’లోకి ఒదిగిపోయింది, తెలంగాణ మాత్రం ఉన్నదున్నట్టు ఉంచుకుంది.

ఇక విదేశీ సంగతి. దాదాపు 9,000 ఏళ్ల కిందట మెక్సికో దక్షిణాన టియోసింటే అనే అడవి గడ్డిని సాగు చేస్తూ చేస్తూ అక్కడి రైతులు ఈ పంటను తీసుకొచ్చారు. 1492లో కొలంబస్ అటు వెళ్లాకే అది సముద్రం దాటింది. దాటిన చోటల్లా జనం తోచిన పేరు పెట్టుకున్నారు. ఇటలీవాళ్లు టర్కీ ధాన్యం అన్నారు, టర్కీవాళ్లేమో ‘మిసిర్’ అన్నారు, అంటే ఈజిప్టు! మన మక్కను అరేబియాలోని మక్కాతో ముడిపెట్టేవాళ్లూ ఉన్నారు గానీ పంట మాత్రం అక్కడిది కాదు.

నాకు ముఖ్యమనిపించేది ‘మక్క’ కాదు, వెనకున్న ‘జొన్న’. కంకి వేయకముందు రెండు చేలూ ఒకేలా ఉంటాయి. తేడా తర్వాత తెలుస్తుంది: జొన్నకు కంకి నెత్తిమీద వస్తే, దీనికి నెత్తిన మగపూత ఒక్కటే ఉండి, కంకి నడుమ ఆకు మొదట్లో పొత్తి కప్పుకొని వస్తుంది. కన్నడంలో దీన్ని ముసుకిన జోళ, అంటే ముసుగు జొన్న అనేది అందుకే. వంటలోనూ అదే పోలిక. జొన్నపిండిలాగే దీని పిండికీ గోధుమపిండికున్న సాగుడు లేదు, కాబట్టి వేడినీళ్లు పోసి కలిపి చేత్తో తట్టాల్సిందే, ఆ పని మనవాళ్లకు ముందే వచ్చు. ఇసుర్రాయి మీద రవ్వగా విసిరి ఎసట్లో పోస్తే జొన్నగటక ఎలా ఉడుకుతుందో మక్కగటకా అలాగే ఉడుకుతుంది, మజ్జిగ పోసుకున్నా పులుసు పోసుకున్నా కుదురుతుంది. కొత్త గింజ పాత కుండలోకి వెళ్లింది, అందుకే పాత పేరే పెట్టారని నా గట్టి అభిప్రాయం.

మెక్సికోవాళ్లు ఈ గింజను సున్నపునీళ్లలో ఉడికించి గాని రుబ్బరు. ఆ పద్ధతి విత్తనంతో పాటు ఓడెక్కలేదు. సున్నం పడకపోతే ఇందులోని నయాసిన్ అనే విటమిన్ ఒంటికి సరిగా అందదు, ఇదొక్కటే తిని బతికిన స్పెయిన్, ఇటలీ పేదలకు చర్మం పగిలి, మతి చెడే పెల్లాగ్రా జబ్బు పట్టుకుంది. స్పెయిన్‌లో కసాల్ అనే వైద్యుడు 1735లోనే దాని లక్షణాలు రాసిపెట్టాడు. అలవాటైన వంటలో కలుపుకోవడం వల్ల పంట తొందరగా ఇంటిదవుతుంది, నిజమే, కానీ దాని పుట్టింటివాళ్లకు తెలిసిన కిటుకు అక్కడే ఉండిపోతుంది.

అన్నట్టు, జొన్న కూడా వేల ఏళ్ల కిందట ఆఫ్రికా నుంచి వచ్చినదే. దాన్ని పరాయిదని ఎవరూ అనరు, మీ తాతల గటకనూ అననక్కర్లేదు.

పాఠ్యపుస్తకాల్లో, పత్రికల్లో మొక్కజొన్న స్థిరపడింది కాబట్టి అదీ ఒప్పే. బాబును ఏదో ఒక రూపం ఎంచుకుని వ్యాసమంతా అదే రాయమనండి. మక్కలు, మక్కపేలాలు, మక్కగటక లాంటి మాటల జోలికి మాత్రం ఎర్ర ఇంకు వెళ్లకూడదు, ‘మొక్కగటక’ అని ఏ ఊళ్లోనూ అనరు.